పెట్టా, పుంజా: పెరటి కోళ్లను వారం వారం చూసి తేల్చుకునే పద్ధతి

కొన్నేళ్ల కిందట ఆషాఢ బోనాలప్పుడు మా ఇంటి కోడినొకదాన్ని మైసమ్మ మొక్కుకు ఇచ్చాం. పుంజు అనుకునే ఇచ్చాం. తర్వాత ఇంట్లో శుభ్రం చేస్తుంటే కడుపులో పచ్చసొనల గుత్తి కనిపించింది. గోలీ అంత ఒకటి, శనగగింజలంత నాలుగైదు, ఆవాలంత లెక్కలేనన్ని. ఇంకో పది రోజులు ఆగి ఉంటే అది మొదటి గుడ్డు పెట్టేదేమో. మా అత్తమ్మ పళ్లెం పక్కన పెట్టి చాలాసేపు మాట్లాడలేదు.

పొరపాటు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. బోనాలకు రెండు వారాల ముందు దాని జుట్టు, అంటే తల మీద తురాయిలా ఉండే కండ, ఉన్నట్టుండి పెరిగి ఎర్రబడింది. "జుట్టు ఎర్రగైంది, ఇది పుంజే" అని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. నిజానికి ఐదు, ఐదున్నర నెలల వయసులో అప్పటిదాకా చిన్నగా ఉన్న జుట్టు ఒక్కసారిగా ఎర్రబడిందంటే, ఆ పెట్ట గుడ్డుకు వస్తోందని అర్థం. అదే ఎరుపు ఆరో వారంలోనే కనిపిస్తే చాలావరకు పుంజు. గుర్తు ఒకటే, వయసు మారితే అర్థం తిరగబడుతుంది.

అప్పటి నుంచి నేను ఏ కోడినీ ఒక్క రోజు చూసి, ఒక్క గుర్తు పట్టుకుని తేల్చడం లేదు. మా ఇల్లు బోడుప్పల్ వైపు, పెరట్లో పది పన్నెండు కోళ్లు ఉంటాయి. ఇన్నేళ్లలో నేర్చుకున్నది వరుసగా రాస్తున్నాను. మొదటిసారి కోడిపిల్లలు తెచ్చుకున్నవాళ్లు కూడా దీన్ని పట్టుకుని వెళ్లొచ్చు.

1. తెచ్చిన రోజే జాతి, వయసు రాసిపెట్టుకోండి

ఈ రెండూ తెలియకపోతే తర్వాత చూసే గుర్తులన్నీ గాలిలో లెక్కలే. అమ్మేవాళ్లను అడగండి: పిల్లలు గుడ్డులోంచి ఎప్పుడు బయటికొచ్చాయి, తల్లికోడి ఏ రకం, పుంజు ఏ రకం. హైదరాబాద్ చుట్టుపక్కల పెరళ్లలో ఎక్కువగా కనిపించేవి నాలుగైదు రకాలు. మామూలు నాటుకోడి ఒకటి. వనరాజా, గ్రామప్రియ ఇంకో రెండు. ఇవి రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకం కోసమే తయారుచేసినవి. వనరాజా మాంసానికీ గుడ్లకూ రెంటికీ పనికొస్తుంది, గ్రామప్రియ ప్రధానంగా గుడ్ల కోడి. ఇవి కాక అసీల్, కడక్‌నాథ్. వీటన్నిటి కలగలుపు పిల్లలు కూడా చాలానే ఉంటాయి.

అమ్మే మనిషి "అన్నీ పెట్టలే అక్కా, తీస్కపో" అంటే నమ్మకండి. ఆయన మోసగాడని కాదు. రోజుల పిల్లను చూసి పెట్టో పుంజో చెప్పడం నాటు రకాల్లో ఆయనకూ సాధ్యం కాదు. పుట్టిన పిల్లల్లో దాదాపు సగం పుంజులే ఉంటాయి. ఆరు పిల్లలు కొంటే ఆరూ పెట్టలయ్యే అవకాశం లెక్క ప్రకారం 64లో ఒకటి. మూడు గుడ్ల కోళ్లు కావాలంటే ఆరేడు పిల్లలు తెచ్చుకుని, మిగిలేవాటికి ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవడం మంచిది.

అంగట్లో గులాబీ, ఆకుపచ్చ రంగులు అద్ది అమ్మే పిల్లల సంగతి వేరు. గుడ్ల ఫారాలకు పిల్లలను సరఫరా చేసే హేచరీలకు పెట్టలే కావాలి. అక్కడ మొదటి రోజే వేరుచేసి తీసేసిన పుంజుపిల్లలే చాలాసార్లు ఇలా రంగుల్లో వీధికి వస్తాయి. ఇంట్లో పిల్లలు ముచ్చటపడి కొనిపించుకుంటే కాదనలేం గానీ, వాటి నుంచి గుడ్లు ఆశించకండి.

2. కాలికి గుర్తు, చేతిలో నోట్‌బుక్

పది పిల్లలు ఒకే రంగులో ఉంటే పోయిన వారం చూసింది ఏదో ఈ వారం గుర్తుండదు. అందుకే ఒక్కోదాని కాలికి ఒక్కో రంగు ఉన్ని దారం వదులుగా కట్టండి. ప్లాస్టిక్ రింగులు దొరికితే ఇంకా మంచిది. పిల్ల కాలు త్వరగా లావెక్కుతుంది, కాబట్టి పది రోజులకోసారి దారం విప్పి మళ్లీ కట్టాలి. మరిచిపోతే దారం చర్మంలోకి దిగి కాలు వాస్తుంది. రింగులకైనా ఇదే జాగ్రత్త.

ప్రతి ఆదివారం ఒకే చోట, పొద్దుటి వెలుతురులో, పక్క నుంచి ఒక్కోదానికి ఒక ఫోటో తీయండి. కింద రెండు మాటలు రాయండి: "పచ్చ దారం, 7వ వారం, జుట్టు పసుపు, కాళ్లు సన్నం". కోడిని విడిగా చూస్తే ఏమీ తెలియదు. అదే వయసు, అదే జాతి ఉన్న తోటి పిల్లల పక్కన పెట్టి చూస్తేనే తేడా కంటికి ఆనుతుంది. వనరాజా పిల్లను నాటుపిల్లతో పోల్చితే వనరాజావన్నీ పుంజుల్లాగే కనిపిస్తాయి, వాటి ఒళ్లు అలాంటిది.

3. మొదటి నెల: ఏదీ తేల్చకండి

పెద్ద హేచరీల్లో ఒక్క రోజు వయసు పిల్లలను వేరుచేసే పద్ధతులు మూడున్నాయి. పిల్ల మలద్వారాన్ని మెల్లగా విప్పి లోపలి చిన్న బుడిపెను చూసి చెప్పడం ఒకటి. 1920లలో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని కనిపెట్టారు. దీనికి చాలా కాలం శిక్షణ కావాలి, ఇంట్లో ప్రయత్నిస్తే పిల్ల పేగులకు దెబ్బ తగులుతుంది. దయచేసి చేయకండి. రెండోది రెక్క ఈకల పొడవు చూడటం, మూడోది పుట్టిన రంగు చూడటం. ఈ రెండూ తల్లిదండ్రులను ఆ లెక్కతో ఎంచి కలిపిన పిల్లల్లోనే పనిచేస్తాయి.

ఎందుకంటే కోళ్లలో పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు, పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. తండ్రి నుంచి కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ ఒక జెడ్ అందుతుంది; తల్లి జెడ్ మాత్రం కొడుక్కే పోతుంది. ఈకలు త్వరగా రావడం, ఆలస్యంగా రావడం అనే గుణం ఈ జెడ్ మీదే ఉంది. త్వరగా ఈకలొచ్చే పుంజును, ఆలస్యంగా ఈకలొచ్చే పెట్టతో కలిపితే కూతుళ్లకు ఈకలు ముందొస్తాయి, కొడుకులకు ఆలస్యమవుతాయి. మీ పెరటి నాటుకోడి పిల్లల తండ్రి ఎవరో మీకే తెలియనప్పుడు, రెక్క ఈక పొడవు చూసి చెప్పేది ఊహే.

మన ఇళ్లలో చెప్పుకునే మాటలు కొన్నున్నాయి. కోసుగా ఉన్న గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట అంటారు. దారానికి సూది కట్టి గుడ్డు మీద వేలాడదీస్తారు. మెడ పట్టి ఎత్తితే కాళ్లు ముడుచుకునేది పెట్ట అంటారు. ఇవేవీ నిలవవు. పిల్ల లింగం తల్లి కడుపులో అండం తయారయ్యేటప్పుడే ఖాయమవుతుంది, గుడ్డు ఆకారం పెట్ట శరీరాన్ని బట్టి వస్తుంది. ఇంక్యుబేటర్‌లో వేడి ఎక్కువైతే పుంజులొస్తాయన్నది కూడా నిజం కాదు. మొసళ్లలో, తాబేళ్లలో అలా ఉంటుంది, కోళ్లలో లేదు.

మూడు నుంచి ఐదు వారాల మధ్య ఒక్క చిన్న సూచన మాత్రం రాసిపెట్టుకోవచ్చు. ఒళ్లు భారీగా ఉండే రకాల్లో పెట్టపిల్లలకు తోక, భుజాల మీద ఈకలు కాస్త ముందు నిండుతాయి. పుంజుపిల్లల వీపు కొన్నాళ్లు బోసిగా, అతుకులు వేసినట్టు ఉంటుంది. నోట్‌బుక్‌లో ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

4. ఐదు నుంచి పది వారాలు: జుట్టు, కాళ్లు, నిలబడే తీరు

ఇప్పుడు జుట్టు చూడటం మొదలుపెట్టొచ్చు. పుంజుపిల్ల జుట్టు ఐదారు వారాలకే ఎత్తుగా లేచి గులాబీ రంగుకు, తర్వాత ఎరుపుకు తిరుగుతుంది. గడ్డం కింద వేలాడే తోళ్లు కూడా ముందు దానికే కనిపిస్తాయి. మా అత్తమ్మ వాటిని లోలకులు అంటుంది. అదే వయసు పెట్టపిల్ల జుట్టు పసుపుగానో, లేత గులాబీగానో, పొట్టిగా తల మీద అంటుకుని ఉంటుంది.

కాళ్లు కూడా పట్టి చూడండి. పుంజుపిల్ల పిక్క కింద ఎముక లావు, పాదం పెద్దది. నిలబడితే మెడ నిటారుగా, ఛాతీ ముందుకు. పెట్టపిల్ల వీపు నేలకు కాస్త సమాంతరంగా ఉంటుంది. ఆదివారం ఫోటోలు వరసగా పెట్టి చూస్తే ఈ తేడా భలే తెలుస్తుంది.

అయితే జాతిని బట్టి జుట్టు బాగా మోసం చేస్తుంది. అసీల్‌లో పుంజుకు కూడా జుట్టు చిన్నగా, బఠానీల వరసలా తలకు అంటుకునే ఉంటుంది; లోలకులు దాదాపు కనిపించవు. కాబట్టి చిన్న జుట్టు చూసి అసీల్ పిల్లను పెట్ట అనుకోవద్దు. అందులో తల వెడల్పు, కాళ్ల లావు, ఎత్తు ఎక్కువ నమ్మదగ్గవి. కడక్‌నాథ్ జుట్టు నల్లగానో, ముదురు ఊదాగానో ఉంటుంది. దాంట్లో ఎరుపు కోసం వెతకడం దండగ, పరిమాణమే చూడాలి. లెగ్‌హార్న్ రక్తం ఉన్న గుడ్ల కోళ్లలో దీనికి తలకిందులు: ఎదిగిన పెట్టకు పెద్ద జుట్టు వచ్చి ఒక పక్కకు వాలుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి పుంజు అనేస్తారు.

ఒంట్లో బాగాలేని పుంజు జుట్టు కూడా పాలిపోతుంది. కడుపులో నులిపురుగులున్నా, ఒంటికి పేలు పట్టినా అంతే. పాలిపోయిన జుట్టు చూసి పెట్ట అని రాసేముందు అది సరిగా తింటోందా, రెట్ట సరిగా ఉందా చూసుకోండి.

5. పన్నెండో వారం నుంచి: నడుము ఈక

నా అనుభవంలో అన్నిటికన్నా నమ్మదగ్గ గుర్తు ఇదే. జుట్టు, కాళ్లు, కూత ఏదో ఒక జాతిలో తప్పుతాయి. నడుము ఈక చాలా అరుదుగా తప్పుతుంది. అసీల్, కడక్‌నాథ్, నాటు, మెడ మీద ఈకలుండని బోడమెడ కోడి, అన్నిట్లోనూ పనికొస్తుంది. మా బోనాల కోడికి ఆ రోజు ఒక్కసారి తోక ముందు ఈకలు విప్పి చూసి ఉంటే, అది మా ఇంట్లో ఇంకో మూడు నాలుగేళ్లు గుడ్లు పెట్టేది.

కోడిపిల్లకు మొదట వచ్చే ఈకలు పెట్టకైనా పుంజుకైనా కొస గుండ్రంగానే ఉంటాయి. అందుకే రెండు నెలల పిల్లలో ఈ పరీక్ష చేస్తే అన్నీ పెట్టలే అనిపిస్తాయి. సుమారు పదో వారం నుంచి పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తాయి. పుంజులో ఆడ హార్మోను ప్రభావం లేకపోవడంతో మెడ మీద, నడుము మీద వచ్చే కొత్త ఈకలు సన్నగా, పొడవుగా, కొస సూదిగా, నిగనిగలాడుతూ వస్తాయి. పెట్టలో అవే చోట్ల వచ్చేవి పొట్టిగా, కొస గుండ్రంగా, మెరుపు తక్కువగా ఉంటాయి.

చూసే పద్ధతి:

సాయంత్రం చీకటి పడి కోళ్లు గూట్లో కర్ర మీద కూర్చున్నాక వెళ్లండి. పగలు వెంటపడి పట్టుకుంటే కోడికి టెన్షన్, మీకు అలసట. ఎండాకాలంలోనైతే ప్రాణానికే ముప్పు. రెండు రెక్కలూ ఒంటికి అదిమి పట్టి, ఒక చేతి వేళ్ల మధ్య కాళ్లు ఇరికించి, దాన్ని చంకకు ఆనించుకోండి. కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీయకండి, అంగట్లో అలవాటే అయినా దానికి ఊపిరాడదు.

ఇప్పుడు ఫోన్ లైటు వేసి తోక మొదలుకు ముందు, వీపు వాలే చోట చూడండి. అక్కడి ఈకలు రెండు పక్కలకూ జారుతుంటాయి. మొత్తం మీద ఒక చూపు చూసి వదిలేయకండి, వేలితో కొత్తగా మొలుస్తున్న ఈకను విడదీయండి. కొత్తదాని మొదలు ఇంకా తొడుగులో, పెన్సిల్ ములుకులా ఉంటుంది. దాని కొసను వేలు మీద పరిచి చూడండి. కొస గుండ్రంగా, గోరు ఆకారంలో ఉంటే పెట్ట. వేపాకు కొసలా సన్నబడి, అంచులు విడివిడి పోగులుగా మెరుస్తుంటే పుంజు. అనుమానం ఉంటే మెడ వెనక కూడా అలాగే చూడండి. రెండు చోట్లా ఒకటే చెప్పాలి.

ఒకే ఒక్క సూది ఈక కనిపించినా పుంజు వైపే నా ఓటు, ఎందుకంటే పెట్టకు అక్కడ అలాంటివి రావు. ఒక్కటీ కనిపించకపోతే మాత్రం వెంటనే పెట్ట అని రాయకండి. నాటు పుంజులు కొన్ని ఆలస్యంగా మారతాయి, పదహారో వారం దాకా ఆగి మళ్లీ చూడండి. అసీల్‌లో ఈకలే పొట్టిగా, ఒంటికి బిగుతుగా ఉంటాయి కాబట్టి పొడవు కాకుండా కొసనే చూడాలి.

రంగు కూడా ఇప్పుడు సాయం చేస్తుంది. ఎర్ర, గోధుమ కోళ్లలో రెక్క భుజం దగ్గర ముదురు ఎరుపు మచ్చలు అతుకుల్లా తేలితే అది పుంజే. తర్వాత తోకలో కొడవలిలా వంగిన పొడవాటి ఈకలు వస్తాయి. అప్పటికి పక్కింటి పిల్లలు కూడా చెప్పేస్తారు.

చూడటం అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలు పట్టుకుంటే వాళ్లవీ కడిగించండి.

6. కూత, కొట్లాట

చిన్నప్పుడు ఛాతీ ఛాతీ తగిలించుకుని ఎగిరేది పుంజులే అనుకుంటారు. పెట్టపిల్లలు కూడా అలాగే కొట్లాడుకుంటాయి, ఎవరు ముందు తినాలో తేల్చుకోవడానికి. అసీల్ పెట్టలైతే పెద్దయ్యాక కూడా గట్టిగా పోరాడతాయి.

కూత మీద ఎక్కువ ఆధారపడేవాళ్లు ఉన్నారు. పుంజు సాధారణంగా నాలుగైదు నెలలకు కూయడం మొదలుపెడుతుంది, కొన్ని ఇంకా ముందే గొంతు బొంగురుగా ప్రయత్నిస్తాయి. కానీ కూయనిది పెట్ట అని కాదు. మందలో పెద్ద పుంజు ఉంటే చిన్నవి చాలాకాలం నోరు మెదపవు. జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించిన పరిశీలనలో, తెల్లవారుజామున ముందు పెద్ద పుంజే కూస్తుందని, మిగతావి హోదా ప్రకారం దాని తర్వాత వరుసగా కూస్తాయని తేలింది. పెద్దదాన్ని పక్కకు తీసిన రోజున రెండోది మొదలుపెట్టింది. మా ఇంట్లోనూ ఇదే చూశాను: పెద్ద పుంజును మా ఆడపడుచు వాళ్ల ఊరికి పంపిన మర్నాడే, అప్పటిదాకా గుట్టుగా ఉన్న నీలం దారం కోడి కూత అందుకుంది.

కూతకంటే నేను నమ్మే ప్రవర్తన ఒకటుంది. నూకలు వేసినప్పుడు పుంజు తను తినకుండా, ముక్కుతో గింజ ఎత్తి కింద పడేస్తూ "టుక్ టుక్ టుక్" అని పెట్టలను పిలుస్తుంది. ఒక రెక్క కిందికి జార్చి, పెట్ట చుట్టూ పక్కగా అడుగులేస్తుంది. పిల్లలతో ఉన్న తల్లికోడి కూడా గింజ చూపించి పిలుస్తుంది కాబట్టి దాన్ని లెక్కలోంచి తీసేయండి.

కాలి వెనక ముల్లు చూసి చెప్పడం ఈ వయసులో కుదరదు. చిన్న బుడిపె రెంటికీ ఉంటుంది. పుంజుకు అది ఏడాది దాటాక కోసుగా పెరుగుతుంది, ముసలి పెట్టల్లో కొన్నిటికీ పెరుగుతుంది.

7. గుడ్డుకొస్తున్న పెట్ట

గ్రామప్రియలో ఐదున్నర నెలలకు, నాటుకోడిలో ఆరేడు నెలలకు మొదటి గుడ్డు. దానికి రెండు మూడు వారాల ముందు జుట్టు, లోలకులు ఎర్రబడతాయి. పైన చెప్పిన పొరపాటు జరిగేది ఇక్కడే. ఈ వయసులో ఎర్ర జుట్టు కనిపిస్తే నడుము ఈక చూడండి. కొస గుండ్రంగా ఉంటే గుడ్ల గంపలో గడ్డి పరవండి.

ఇంకో రెండు గుర్తులున్నాయి. వీపు మీద చెయ్యి పెడితే పెట్ట రెక్కలు కాస్త విప్పి నేలకు కుంగుతుంది. తోక కింద, మలద్వారానికి రెండు పక్కలా సన్నటి ఎముక కొనలు తగులుతాయి. గుడ్డుకు రాని కోడిలో వాటి మధ్య ఒక వేలు కూడా కష్టం. గుడ్లు పెట్టే పెట్టలో రెండు మూడు వేళ్లు పడతాయి. మూల మూలకు వెళ్లి గడ్డి కెలకడం, కొత్తగా గొంతెత్తి అరవడం కూడా ఈ రోజుల్లోనే.

8. పెట్ట కూస్తే

అరిష్టమని వెంటనే కోసేస్తారు. అది అరిష్టం కాదు. పెట్టకు పనిచేసే అండాశయం ఎడమ వైపు ఒక్కటే. జబ్బుతోనో వయసుతోనో అది దెబ్బతింటే ఆడ హార్మోను తగ్గిపోయి, తర్వాత రాలే ఈకల చోట సూది ఈకలు, కాలికి ముల్లు, కొన్నిసార్లు కూత వస్తాయి. పుంజు లేని మందలో పైచేయి ఉన్న పెట్ట ఏ జబ్బూ లేకుండానే ఒకటి రెండుసార్లు కూయడం కూడా ఉంది. మీ నోట్‌బుక్‌లో అది గుడ్లు పెట్టినట్టు రాసి ఉంటే, అది పెట్టే.

9. పుంజులు తేలాక

గుడ్ల కోసం పుంజు అవసరం లేదు. పిల్లలు పొదిగించాలంటేనే కావాలి, అదీ ఎనిమిది పది పెట్టలకు ఒక్కటి చాలు. నాలుగు పెట్టల మధ్య రెండు పుంజులుంటే పెట్టల వీపు ఈకలు ఊడి చర్మం కనిపిస్తుంది, అవి గూట్లోంచి దిగడానికే భయపడతాయి.

మన కాలనీల్లో గోడకు గోడ. తెల్లవారుజామున నాలుగింటికి కూత మొదలైతే, రాత్రి షిఫ్ట్ చేసి అప్పుడే పడుకున్న పొరుగింటి అబ్బాయికి ఎంత ఇబ్బందో ఆలోచించండి. ఉంచుకోవాలనుకుంటే గూడును పడకగదుల కిటికీలకు దూరంగా జరపండి. వీధిలైటు పడకుండా చూడండి, గాలి మాత్రం ఆడాలి. ముందే వెళ్లి ఒకమాట చెప్పి, నెలకో అరడజను గుడ్లు ఇచ్చిరండి. కూత పూర్తిగా ఆగదు, లోపలి గడియారం ప్రకారం చీకట్లోనూ కూస్తుంది.

పంపించేయాలనుకుంటే ఇబ్రహీంపట్నం, షాద్‌నగర్, మేడ్చల్ వైపు పొలాలున్న బంధువులకు ఇవ్వండి. ఒంటరిగా కాకుండా వాళ్ల కోళ్ల పక్కన గంప కింద రెండు మూడు రోజులు ఉంచి, ఆ తర్వాత వదలమనండి. ఆషాఢంలో మొక్కుకు అడిగేవాళ్లు వస్తారు. ఇవ్వడం ఇవ్వకపోవడం మీ ఇష్టం. ఇచ్చేటట్టయితే ముందు రోజు రాత్రి టార్చి పట్టుకుని గూటి దగ్గరికి వెళ్లి, నోట్‌బుక్ తెరిచి, దారం రంగు సరిచూసి, నడుము ఈక ఇంకోసారి విప్పి చూడండి. మా ఇంట్లో ఆ పని ఇప్పుడు అత్తమ్మే చేస్తుంది. లైటు నేను పట్టుకుంటాను.